పెరటి కోళ్లు, గూటి పరుపు: పదిమంది చెప్పు పది మాటలు

పెరటిలో పది కోళ్లు పెంచదలచిన గృహస్థునకు కోళ్లకంటె ముందు సలహాలు వచ్చి చేరును. గూడు ప్రతిదినము నీళ్లతో కడుగవలెనని ఒకరు చెప్పుదురు. ఊక పరచి సంవత్సరము వరకు దానిని తీయనే రాదని మరియొకరు చెప్పుదురు. ఇసుకను మించినది లేదని ఒకరు, ఇసుకపై కోడిపిల్లలకు చలి పట్టునని వేరొకరు. సున్నము చల్లుమని ఒకరు, సున్నము కోడి కాళ్లను తినివేయునని మరియొకరు. గాలి తగులరాదని గోనెపట్టాలు కట్టువారు కలరు. గాలి లేనిచో కోడి నిలువదని ఆ పట్టాలను విప్పించువారును కలరు.

వీరిలో ఏమియు తెలియక చెప్పువారు తక్కువ. ప్రతివారును తమ గూటిలో కన్నదానినే చెప్పుచున్నారు. చిక్కంతయు గూళ్లు ఒకే విధమైనవి కాకపోవుటలో ఉన్నది. సిమెంటు నేలపై రేకుల షెడ్డు కట్టి యాబది కోళ్లను పెంచువాని మాట, వెదురు గంప క్రింద ఆరు పెట్టలను మూయు ఇంటికి చెల్లదు. కావున సలహా విన్నంతనే, ఇది ఏ గూటికి చెప్పిన మాట అని మొదట విచారింపవలెను. ఆ పని చేసినచో పరుపులో తడి పెరుగునా, తగ్గునా అని తరువాత ఆలోచింపవలెను. ఈ రెండు ప్రశ్నలతో సగము తగవులు తీరును. మిగిలిన సగము ఇంటిలోని మనుష్యుల ఆరోగ్యమునకు, ముఖ్యముగా పసిపిల్లల ఆరోగ్యమునకు సంబంధించినవి. వాటిలో ఇరువైపుల మాటలకును సమానమైన విలువ లేదు.

తీసివేయుటయా, ఉంచుటయా

పూర్వము కోళ్ల శాస్త్రమును గూర్చిన గ్రంథములన్నియు పరుపును తరచుగా మార్చుమనియే బోధించెడివి. 1940 దశాబ్దిలో అమెరికాలోని ఓహియో రాష్ట్ర వ్యవసాయ పరిశోధనా కేంద్రమున కెన్నార్డు, ఛాంబర్లిన్ అను ఇరువురు దీనికి భిన్నమైన ఫలితమును కనుగొనిరి. పాత పరుపును తీయక దానిపైననే క్రొత్తది వేయుచు పెంచిన కోళ్లు, మేతలో జంతుసంబంధమైన మాంసకృత్తులు లేకున్నను బాగుగ నిలిచినవి. పరుపులోని సూక్ష్మజీవులు రెట్టను మార్చుచు తయారుచేయు బి12 విటమిను ఇందుకు ముఖ్యకారణమని తరువాత తెలిసినది. ఆ విటమినును శాస్త్రజ్ఞులు శుద్ధరూపమున వేరుచేసినది 1948లో. మన దేశపు కోళ్ల ఫారములలో ‘డీప్ లిట్టర్’ అను పేరున వ్యాపించిన లోతు పరుపు పద్ధతి ఈ కోవకు చెందినదే.

అయితే ఆ పద్ధతికి కొన్ని నియమములు కలవు. నేల చుట్టుప్రక్కల భూమికంటె ఎత్తుగా, చెమ్మ ఎక్కనిదిగా ఉండవలెను. ఎండిన ఊక కనీసము నాలుగైదు అంగుళముల మందమున పరచి, కొన్ని మాసములలో దానిని క్రమముగా పెంచవలెను. ఒక్కొక్క పెద్ద కోడికి సుమారు 2 చదరపు అడుగుల చోటు కావలెను. వారమునకు రెండు పర్యాయములైనను పరుపును గొర్రుతోనో కఱ్ఱతోనో తిరుగవేయవలెను. నీళ్ల తొట్టి చుట్టును అట్టకట్టిన భాగమును ఎప్పటికప్పుడు తీసివేయవలెను. ఇవన్నియు ఉన్నప్పుడు పరుపు వాసన లేని పొడి ఎరువుగా మారును. ఇవి లేక, రెండు వ్రేళ్ల మందము ఊకపై నెలల తరబడి రెట్టను పేరుకొననిచ్చి దానిని లోతు పరుపు అనుకొనుట పేరు మార్చిన అశుభ్రతయే. పగలెల్ల పెరటిలో పురుగును, పచ్చికను ఏరుకొని తిను కోళ్లకు పరుపులోని విటమిను అంతగా అవసరము కూడ లేదు.

గంప క్రింద, చెక్కపెట్టెలో, అరుగు క్రింది గూటిలో రాత్రిపూట మాత్రమే ఉండు కోళ్లకు ప్రతిదినము రెట్టను ఎత్తివేయుటయే తగిన పద్ధతి. ఇచట కూడ ఊడ్చుట వేరు, కడుగుట వేరు. మట్టినేలను సాయంకాలము కడిగి, ఆరకముందే కోళ్లను మూయుట మేలుకు బదులు కీడు చేయును. దీనికి కారణము తెలిసికొనిన యెడల ఈ వివాదమంతయు తేలికగా విడిపోవును.

కోడిపిల్లలను, అందును మూడు వారములు మొదలుకొని రెండు నెలల వయస్సు వరకు గలవానిని, ఎక్కువగా చంపు జబ్బులలో రక్తపు పారుడు ఒకటి. పశువైద్యులు దీనిని కాక్సిడియోసిస్ అందురు. జబ్బు గల కోడి రెట్టలో కంటికి కనబడని గ్రుడ్ల వంటి కణములు పడును. అవి పడిన క్షణముననే ఇతర కోళ్లకు జబ్బు కలిగింపలేవు. తడి, వెచ్చదనము, గాలి మూడును దొరికి ఒకటి రెండు దినములు గడచినప్పుడే అవి పక్వమై ప్రమాదకరములగును. దినదినము రెట్ట తీయువాడు ఆ గడువు నిండకముందే వాటిని బయటకు పంపుచున్నాడు. లోతు పరుపువాడు తడి లేకుండ చేసి వాటి పక్వతను అడ్డుచున్నాడు. ఇరువురును చేయుచున్నది ఒకే పని. నష్టపోవువాడు నడిమివాడు: వారమున కొకసారి ఊడ్చి, ఆ మధ్య తడిని తడిగానే ఉంచువాడు. మామూలు క్రిమిసంహారక మందులు ఈ కణములను చంపలేవు గనుక, మందునీళ్లతో కడుగుటకూడ ఇచట తడిని పెంచుటకే పనికివచ్చును.

కోడిపిల్లలకు ఈ కణములు బొత్తిగా తగులరాదని కూడ లేదు. కొద్దికొద్దిగా తగులుటచే వాటికి రోగనిరోధక శక్తి కలుగును. అందుచేత ఆరోగ్యముగా పెరిగిన కోళ్ల పాత పొడి పరుపును చూచి భయపడ పనిలేదు. అంతకుముందున్న కోళ్లు జబ్బుతో చచ్చిన గూటిలోని పరుపును మాత్రము పూర్తిగా తీసి, నేలను గోకి, ఎండనిచ్చి, క్రొత్త పరుపు వేయవలెను.

చేతితో, ముక్కుతో పరీక్ష

పరుపు తడిని కొలుచుటకు యంత్రమేదియు అక్కరలేదు. గుప్పెడు పరుపు తీసి గట్టిగా పిడికిలి పట్టి విడువవలెను. ముద్దయై అట్లే నిలిచినచో తడి ఎక్కువ. కొంచెము అంటుకొని వెంటనే విడిపోయినచో సరిపోయినది. ఏమాత్రము అంటక దుమ్ము లేచినచో మరీ పొడి. ఆ దుమ్ము కోళ్లకును, ఊడ్చువారికిని ఊపిరితిత్తులకు మంచిది కాదు. పరీక్షించిన వెంటనే సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

తడిసిన రెట్టనుండి అమ్మోనియా పుట్టును. గాలిలోని పది లక్షల పాళ్లలో అమ్మోనియా 25 పాళ్లకు మించకుండ చూడవలెనని కోళ్ల శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అది పెరిగినకొలది కోళ్ల కండ్లు నీరు కారి వాచును, ముక్కుపొర దెబ్బతిని ఊపిరి జబ్బులు తేలికగా అంటును. మనుష్యుని ముక్కు ఈ వాసనకు త్వరగా అలవాటుపడును గనుక, ప్రతిదినము గూటిలో మసలువానికి అది తెలియదు. తెల్లవారగనే తలుపు తీసి, నిలువుగా గాక కోడి ఎత్తునకు వంగి వాసన చూడవలెను. కండ్లు మండినచో ఇక ఎవరి సలహాయు అడుగ నక్కరలేదు.

ఊక, ఇసుక, సున్నము, బూడిద

వరి పండు ప్రాంతములలో ఊకను మించినది వెదకుట వృథాశ్రమ. అది తడిని ఎక్కువగా పీల్చదు గాని త్వరగా ఆరును, మిల్లులో చౌకగా దొరకును. వేరుశనగ పొట్టు కూడ మంచిదే. కాని తడిసి బూజుపట్టినదానిని వాడరాదు, ఆ బూజు కోడి ఊపిరితిత్తులలో జబ్బు పుట్టించును. రంపపు పొట్టు తడిని బాగుగ పీల్చును. అయితే చిన్న పిల్లలు దానిని మేత అనుకొని తినును గనుక మొదటి కొన్ని దినములు దానిపై కాగితము పరచి మేత వేయవలెను. ఎండుగడ్డి అట్టకట్టును, ముక్కలుగా నరికి వేసిననే ప్రయోజనము.

ఇసుక విషయమున ఇరుపక్షములును నిజమే చెప్పుచున్నవి. రాయలసీమ వంటి పొడి ప్రాంతములలో, వేసవిలో, ఇసుక చల్లగా ఉండును, బూజుపట్టదు, రెట్టను జల్లెడతో తీయవచ్చును. పల్లపు నేలలో వానకాలమున అదే ఇసుక అడుగునుండి తడి నెక్కించుకొని ఆరకుండును. శీతకాలమున కోడిపిల్లలకు అది వెచ్చదన మియ్యదు.

సున్నమును గూర్చి కొంత వివరముగా చెప్పవలసి యున్నది. సున్నము తడిని పీల్చు మాట నిజము. కాని అది క్షారము. తడిసి వాసన కొట్టుచున్న పరుపుపై సున్నము చల్లినచో, రెట్టలో అణగియున్న అమ్మోనియా ఒక్కమారుగా గాలిలోనికి వచ్చును. గూటిలో కోళ్లుండగా ఆ పని చేసినవారు మరునాడు కోళ్ల కండ్లు వాచుట చూచి, సున్నము విషమని ప్రచారము చేయుదురు. తడి పరుపును ముందు ఎత్తివేసి, ఖాళీ గూటిలో నేలపై చల్లార్చిన సున్నమును పలుచగా వేసి, కొన్ని దినములు ఆరిన తరువాత ఊక పరచినచో ఏ బాధయు లేదు. నీరు తగులని సున్నపురాయి పొడిని మాత్రము కోళ్లున్నచోట ఎన్నడును చల్లరాదు. అది చెమ్మ తగిలిన పాదములను, కండ్లను కాల్చును. పిల్లలు తిరుగు ఇంట దానిని అందుబాటులో ఉంచుటయు ప్రమాదమే.

కట్టెల బూడిద కూడ క్షారమే. పరుపులో కలుపుటకంటె, పెరటిలో వానపడని మూలను ఇసుకతో కలిపి కుప్పవేసిన మేలు. కోళ్లు దానిలో పొర్లి పేలను, గోమార్లను చాలవరకు వదలించుకొనును.

గాలి మాటకు వచ్చినచో, రాత్రి పొడుగునను కోళ్లు విడుచు ఊపిరిలోని చెమ్మ తక్కువ కాదు. గోనెపట్టాతో నలువైపుల మూసిన గంపలో తెల్లవారుసరికి పరుపు తడిసి యుండుట దానివలననే. వానజల్లు, చలిగాలి కోళ్ల మీద నేరుగా పడకుండ క్రింది భాగమును మూసి, వాటి తలలకు పైభాగమున జాలీ పెట్టి వదలినచో ఇరువురి మాటయు నెరవేరును. ఆ జాలీ కన్ను చిన్నదిగా ఉండవలెను. ముంగిస, పిల్లి, పందికొక్కు సందు దొరికిన చాలును.

ఇంటిలోపలనా, బయటనా

దొంగల భయముచేతను, పిల్లుల భయముచేతను రాత్రులందు కోళ్లను వంటయింటిలోనో మంచము క్రిందనో మూయు ఆచారము దక్షిణాసియా గ్రామములలో చాలచోట్ల కలదు. ఇది తాతలనాటినుండి జరుగుచున్నదే, ఎవరికేమైనదని పెద్దలు అందురు. ఇచట ఆ మాటను అంగీకరింప వీలులేదు. ఇథియోపియా గ్రామములలోని కుటుంబముల వివరములను పరిశీలించి 2016లో ప్రకటించిన ఒక అధ్యయనమున, కోళ్లు గల ఇండ్లలోని పిల్లల ఎదుగుదల మెరుగుగా కనబడినది. కాని రాత్రి కోళ్లను ఇంటిలోపల ఉంచిన ఇండ్లలో ఆ మేలు తగ్గిపోయినది. గ్రుడ్డు ఇచ్చిన బలమును రెట్ట తీసికొనుచున్నదని దాని భావము. కోళ్ల రెట్టలో క్యాంపిలోబాక్టర్, సాల్మొనెల్లా అను సూక్ష్మజీవులు తరచుగా ఉండును. కోడికి వాటివలన పెద్ద బాధ లేకపోవచ్చును. నేలమీద ప్రాకుచు దొరికినదెల్ల నోట పెట్టుకొను బిడ్డకు అవి విరేచనములను తెచ్చును. అవి మాటిమాటికి వచ్చినచో బిడ్డ ఎదుగుదల కుంటుపడును.

ఇంటిగోడకు ఆనించి బయట, తలుపునకు గొళ్లెముతో గూడు కట్టినచో దొంగభయమును తీరును, బిడ్డయు క్షేమముగా ఉండును. గూడు ఊడ్చు పని పిల్లలకు అప్పగింపరాదు. ఉబ్బసము గలవారును చేయరాదు. చేయువారు ముక్కుకు గుడ్డ కట్టుకొని, గూటికి వేరుగా ఒక జత చెప్పులు ఉంచుకొనవలెను. బయటికి తీసివేయు పరుపుపై కొద్దిగా నీరు చిలకరించినచో దుమ్ము లేవదు. గూటిలో ఉండు పరుపునకు మాత్రము ఇది వర్తింపదు. గ్రుడ్లకు రెట్ట అంటినచో పొడిగుడ్డతో తుడిచి ముందుగా వండుకొనవలెను. చన్నీటిలో నానవేసి కడిగినచో పెంకు రంధ్రముల ద్వారా మలినము లోపలికి దిగును.

కోడి జబ్బుపడినప్పుడు

అన్ని సలహాలలోను అపాయకరమైనది, అన్నిటికంటె సానుభూతితో వినబడునది, ఒకటి కలదు: “చావకముందే కోసికొని తినుడు, ఊరక పారవేయుట ఎందులకు?” పేద ఇంటికి కోడి అనగా చేతిలోని సొమ్ము. ఆ సొమ్ము కండ్లయెదుట పోవుచుండగా పాతిపెట్టుమని చెప్పుట తేలిక, చేయుట కష్టము. ఐనను చేయక తప్పని కారణమును తెలిసికొనవలెను.

కోళ్లు ఒక్కుమ్మడిగా చచ్చుటకు మన గ్రామములలో ఎక్కువగా కారణమగునది కొక్కెర తెగులు. హిమాలయ పాదములలోని రాణీఖేత్ పట్టణమున 1920 దశాబ్దిలో గుర్తింపబడుటచే దీనికి భారతదేశమున రాణీఖేత్ వ్యాధి అని పేరు వచ్చినది. దీనివలన మనుష్యులకు కలుగునది సాధారణముగా కండ్లకలక వంటి స్వల్పబాధయే. పక్షి జ్వరము, అనగా బర్డ్ ఫ్లూ, అట్టిది కాదు. తల వాచుట, నీలి రంగు, పచ్చని పారుడు, మెడ మెలిపడుట, ఆకస్మిక మరణము: ఈ లక్షణములు రెండు జబ్బులలోను కనబడవచ్చును. ప్రయోగశాలలో పరీక్షింపక కంటితో చూచి ఇది ఫలానాయని చెప్పగలవాడు లేడు. ‘ఇది మామూలు కొక్కెరయే’ అను అనుభవజ్ఞుని మాటకు విలువ లేకపోవుట ఇందుచేతనే.

మన దేశమున హెచ్5ఎన్1 పక్షి జ్వరము మొదట బయటపడినది 2006 ఫిబ్రవరిలో, మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా నవాపూర్ ప్రాంతమున. 2008 జనవరిలో అది పశ్చిమ బెంగాల్ గ్రామములలోని పెరటి కోళ్లలో వ్యాపించి అనేక జిల్లాలకు ప్రాకినది. లక్షల కొలది పక్షులను చంపవలసి వచ్చినది. 2021 జూలైలో హర్యానాకు చెందిన ఒక బాలుడు ఈ వ్యాధితో ఢిల్లీలో మరణించెను. 2025 ఆరంభమున గోదావరి జిల్లాలలో కోళ్లు చనిపోగా ఈ వైరసు కనబడినది. ఆ మార్చి మాసముననే ఆంధ్రప్రదేశ్‌లో ఒక పసిబిడ్డ దీనికి బలియైనది. మనుష్యులకు ఇది సోకుట అరుదే. సోకినవారిలో మరణించువారి పాలు మాత్రము చాల ఎక్కువ. బాగుగ ఉడికిన మాంసములో, గ్రుడ్డులో వైరసు బ్రతుకదు. అపాయమంతయు దానికి ముందున్నది: జబ్బుకోడిని పట్టుటలో, కోయుటలో, ఈకలు పెరుకుటలో, పచ్చి మాంసపు ముక్క పిల్లల చేతికి చేరుటలో. కావున ‘ఉడికించినచో పోవును గదా’ అను వాదము నిజమైనను ఇచట ఉపయోగపడదు.

రెండు మూడు కోళ్లు ఒకేసారి చచ్చినప్పుడు వాటిని చేతితో ముట్టక, సమీప పశువైద్యశాలకు వెంటనే తెలియజేయవలెను. పక్షి జ్వరమని తేలినచో ప్రభుత్వమువారు చంపించు పక్షులకు నష్టపరిహారము ఇత్తురు. అంతకుముందే చచ్చినవాటికి ఇయ్యరు. దాచిపెట్టినచో సొమ్ము మిగులునని తలచువారు ఈ లెక్కను మరచుచున్నారు. వైద్యుడు పాతిపెట్టుమన్నచో చేతులకు సంచులు తొడిగి, బావికి, కాలువకు దూరముగా, కుక్కలు త్రవ్వలేనంత లోతున సున్నము వేసి పాతవలెను. కోళ్లను ముట్టినవారికి తరువాతి పది దినములలో జ్వరము, దగ్గు వచ్చినచో వైద్యునికి ఆ సంగతి తప్పక చెప్పవలెను. చెప్పనిచో ఆయనకు తెలియు మార్గము లేదు.

నాటుకోడికి టీకా అక్కరలేదను మాటయు తరచుగా వినబడును. నాటుకోడి గట్టిదే, కాని కొక్కెర తెగులు వచ్చినప్పుడు నాటుకోళ్ల ఊరు ఊరే ఖాళీయైన సందర్భములు పెద్దలకు గుర్తుండును. హైదరాబాదు రాజేంద్రనగరులోని పరిశోధనా సంస్థ పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజ, గ్రామప్రియ రకములకును టీకా వేయుమనియే చెప్పుదురు. పిల్లలకు మొదటి వారమున కంటిలో చుక్క, రెండు నెలల ప్రాంతమున సూది. చిక్కేమనగా, టీకామందు బుడ్డి వంద కోళ్లకో అంతకు మించియో సరిపోవునట్లు వచ్చును, కలిపిన తరువాత కొన్ని గంటలలో వాడవలెను. పది కోళ్లు గల ఇల్లు ఒంటరిగా కొనలేదు. వీథిలోని పది ఇండ్లవారు ఒక దినము నిర్ణయించుకొని వేయించుకొనినచో ఖర్చు స్వల్పము. జబ్బు సోకిన పిమ్మట వేసిన టీకా పనిచేయదు. ఈ టీకా పక్షి జ్వరమును ఆపదు.

తుమ్మిన కోడికెల్ల నీళ్లలో యాంటీబయోటిక్ పొడి కలుపుట మరియొక దురలవాటు. కొక్కెర తెగులు వైరసు వలన వచ్చునది, ఆ పొడి దానిని ముట్టదు. మందు శేషములు గ్రుడ్డులో చేరును, మనుష్యుల జబ్బులకును ఆ మందులు క్రమముగా పనిచేయకుండ పోవును. ఇందుచేతనే కొలిస్టిన్ అను మందును పశుపక్షులకు వాడుటను ప్రభుత్వము 2019లో నిషేధించినది.

తీసిన పరుపును ఏమి చేయవలెను? పచ్చిగా మొక్కల మొదట వేసినచో వేళ్లు మాడును, ఆకుకూరలకు రెట్టలోని క్రిములు అంటును. గుంటలో ఆకుతో, మట్టితో కలిపి, అప్పుడప్పుడు తిరుగవేయుచు కొన్ని నెలలు మాగనిచ్చిన తరువాత అది వంగకును, పొట్లపాదునకును మేలైన ఎరువగును. చచ్చిన కోడి లేక ఎలుక కళేబరము కలిసిన పరుపును మాత్రము పశువులు మేయు చోట వేయరాదు. దానివలన పుట్టు విషముచే పశువులు కాళ్లు పడిపోయి చచ్చును. మృగశిర కార్తె రాకముందే పాత పరుపును గుంటకు చేర్చి, దాళ్వా పంట ఊక మిల్లులో దొరకుచున్నప్పుడే రెండు బస్తాలు తెచ్చి ఎండబెట్టి, వాన తగులని చోట ఉంచుకొనవలెను.